మంత్రి మనవాడే, మరి కేసు ఎందుకు కట్టరు?

ఢిల్లీలో న్యాయశాఖ మంత్రి కుర్చీలో మన కులాల మనిషి కూర్చున్నాడని మన పల్లెల్లో సంబరపడ్డవాళ్లున్నారు. 2023 మే నెలలో కిరణ్ రిజిజుని ఆ శాఖ నుంచి మార్చి అర్జున్ రామ్ మేఘ్వాల్‌కి ఇచ్చారు. 2024 జూన్‌లో మంత్రివర్గం మళ్లీ కట్టినప్పుడు ఆ శాఖ ఆయనకే ఇచ్చారు. పేపర్లన్నీ ఆయన తలపాగా గురించీ, సైకిల్ గురించీ రాశాయి. 2016లో మంత్రిగా ప్రమాణం చేయడానికి రాష్ట్రపతి భవన్‌కి సైకిల్ మీదే వెళ్లాడని గుర్తుచేశాయి.

ఆయన బతుకు చిన్నదేం కాదు. రాజస్థాన్‌లో బికనీర్ దగ్గరి కిస్మిదేసర్‌లో నేతపని చేసుకునే ఇంట పుట్టాడు. టెలిఫోన్ ఆపరేటరుగా పనిచేశాడు. పరీక్షలు రాసి అధికారి అయ్యాడు, ఐ.ఎ.ఎస్. దాకా వెళ్లాడు. 2009లో బికనీర్ నుంచి పార్లమెంటుకి గెలిచాడు. ఇంట్లో మొదటిగా చదువుకున్నవాళ్లకి ఆ దారిలో ఎన్ని ముళ్లుంటాయో తెలుసు. కాబట్టి ఆ ఎదుగుదలని తక్కువ చేసి మాట్లాడటం ఈ వ్యాసం పని కాదు.

అడగాల్సింది వేరే వుంది. ఆ కుర్చీలో ఎవరు కూర్చున్నారని పేపర్లు చెప్పాయి. ఆ కుర్చీకి ఎంత అధికారం వుందో ఎవరూ చెప్పలేదు. మనవాడు ఆ కుర్చీలో వుండగా మన పల్లెలో దెబ్బతిన్న మనిషి పోలీసు స్టేషన్‌కి పోతే కేసు కడుతున్నారా, లేదా? న్యాయశాఖ గురించి మనకి కావలసిన లెక్క ఇదొక్కటే.

ఖాళీ సబ్బుపెట్టె

రిజిజు కేబినెట్ మంత్రి. మేఘ్వాల్‌ని అదే శాఖలో సహాయ మంత్రి చేసి, స్వతంత్ర బాధ్యత అన్నారు. పేరులో స్వతంత్రం వుంది. కానీ కేబినెట్ సమావేశంలో ఆయనకి సొంత కుర్చీ వుండదు. తన శాఖ విషయం వచ్చి, పిలిస్తే పోవాలి. అంటే దళితుడు రాగానే కుర్చీ ఎత్తు తగ్గింది. ఇది కావాలని చేశారా, కాకతాళీయమా అన్న వాదన అక్కర్లేదు. తగ్గిందన్నది నిజం.

ఈ దేశానికి మొదటి న్యాయశాఖ మంత్రి ఎవరో మన పిల్లలందరికీ తెలుసు. 1947 ఆగస్టులో బాబాసాహెబ్ అంబేడ్కర్ ఆ బాధ్యత తీసుకున్నారు. కేబినెట్ మంత్రిగా తీసుకున్నారు. 1951 సెప్టెంబరులో రాజీనామా చేశారు. ఎందుకు చేశారని అడిగితే చదువుకున్నవాళ్లు కూడా హిందూ కోడ్ బిల్లు కోసం అని ఒక్క ముక్కలో చెప్తారు. అది పెద్ద కారణమే. కానీ ఆయన రాసిన ప్రకటనలో అదొక్కటే లేదు.

న్యాయశాఖకి పాలనలో విధానాలు నిర్ణయించే బలం లేదనీ, అది ముసలి లాయర్లు ఆడుకునే ఖాళీ సబ్బుపెట్టె అని అప్పట్లో అనుకునేవాళ్లమనీ ఆ ప్రకటనలోనే చెప్పారు. ముఖ్యమైన కేబినెట్ కమిటీల్లో తనకి చోటివ్వలేదని చెప్పారు. ఇంకో మాట కూడా చెప్పారు. ఢిల్లీ చుట్టుపక్కల ఊళ్ల నుంచి మనవాళ్లు వందల కొద్దీ తన దగ్గరికి వచ్చి, కులస్తులు కొట్టారనీ, పోలీసులు ఫిర్యాదు రాసుకోవడం లేదనీ మొరపెట్టుకున్నారని చెప్పారు. అంటే రాజ్యాంగం రాసిన మనిషి, దేశానికి న్యాయమంత్రి, తన కళ్ల ముందున్న పోలీసు స్టేషన్‌లో ఒక కేసు కట్టించలేకపోయాడు. ఆ సంగతి దాచుకోలేదు. పార్లమెంటులో చెప్పబోతే, ప్రసంగం కాపీ ముందే ఇమ్మని అడ్డం పెట్టారు. ఆయన సభలోంచి బయటికొచ్చి ఆ ప్రకటనని పత్రికలకి ఇచ్చారు.

1951లో మొదటి న్యాయమంత్రి చెప్పిన ఫిర్యాదు అది. ఇప్పటికీ మన ఫిర్యాదు అదే. మధ్యలో ఎంతమంది మంత్రులు మారినా స్టేషన్ గుమ్మం దగ్గర మన నిలబడటం మారలేదు.

న్యాయం ఏ శాఖ చేతిలో వుంది?

పేరు న్యాయశాఖ. పని ఎవరి చేతిలో వుందో చూడండి. ఇండియన్ పీనల్ కోడ్ తీసేసి భారతీయ న్యాయ సంహిత తెచ్చారు. క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ తీసేసి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత తెచ్చారు. ఎవిడెన్స్ చట్టం కూడా మార్చారు. 2023 ఆగస్టులో ఈ బిల్లుల్ని పార్లమెంటులో పెట్టింది హోం మంత్రి అమిత్ షా. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చాయి. దేశంలో ప్రతి మనిషి అరెస్టు, బెయిలు, శిక్ష మార్చిన చట్టాలు హోం శాఖవి.

ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం చూసేది సామాజిక న్యాయ శాఖ. పోలీసులు రాష్ట్ర ప్రభుత్వం చేతిలో. ప్రత్యేక కోర్టులు పెట్టాల్సింది రాష్ట్ర ప్రభుత్వం, హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి ఒప్పుదలతో. ఇక న్యాయశాఖకి మిగిలిందేమిటి? హైకోర్టు జడ్జీల నియామకం ఫైళ్లు, పార్లమెంటులో జవాబులు, ‘మన రాజ్యాంగం మన గౌరవం’ అని 2024 జనవరిలో మొదలుపెట్టిన ప్రచారం.

జడ్జీల సంగతే చూద్దాం. 2018 నుంచి హైకోర్టుల్లో నియమించిన 715 మందిలో ఎస్సీలు 22 మంది, ఎస్టీలు 16 మంది, బీసీలు 89 మంది అని 2025లో ఆ శాఖే పార్లమెంటుకి చెప్పింది. వందకి ముగ్గురు ఎస్సీలు. రాజ్యాంగంలో ఆ నియామకాలకి రిజర్వేషన్ లేదు, సామాజిక వైవిధ్యం చూడమని ప్రధాన న్యాయమూర్తుల్ని కోరుతున్నాం అన్నది ఆ శాఖ ప్రతిసారీ ఇచ్చే జవాబు. దళితుడైన మంత్రి కూడా అదే జవాబు చదివాడు. ఇక్కడ మనిషిని తిట్టి లాభం లేదు. ఆ కుర్చీలో కూర్చున్నవాడు చదవాల్సిన కాగితం ముందే టైపు చేసి వుంటుంది. దాన్ని పక్కన పెట్టి సొంత కాగితం చదివినవాడు 1951లో ఒకడే.

2024 అక్టోబరులో సుప్రీంకోర్టులో కొత్త న్యాయదేవత విగ్రహం గురించి అన్ని పేపర్లూ రాశాయి. కళ్ల గంతలు తీసేశారు. చేతిలో కత్తి తీసేసి రాజ్యాంగం పెట్టారు. మంచిదే. కళ్లు తెరిచిన దేవత జడ్జీల లైబ్రరీలో వుంది. మన ఫిర్యాదు కాగితం స్టేషన్ రైటర్ బల్ల మీద వుంది. ఆ రెంటికీ మధ్య దూరం ఎంతో చూడాలంటే ఒక్క సెక్షన్ చదివితే చాలు.

పద్నాలుగు రోజుల కథ

2018 మార్చి 20న సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. అత్యాచారాల చట్టం కింద కేసు కట్టే ముందు ప్రాథమిక విచారణ చెయ్యొచ్చు, అరెస్టుకి పైఅధికారి అనుమతి కావాలి అన్నది. ఏప్రిల్ 2న దేశమంతా బంద్ జరిగింది. ఉత్తరాదిలో మనవాళ్ల ప్రాణాలు పోయాయి. ఆ దెబ్బకి ఆగస్టులో పార్లమెంటు చట్టంలో 18ఎ సెక్షన్ చేర్చింది. ప్రాథమిక విచారణ అక్కర్లేదు, అరెస్టుకి ఎవరి అనుమతీ అక్కర్లేదు అని స్పష్టంగా రాసింది. 2019లో కోర్టు తన పాత ఆదేశాల్ని తనే వెనక్కి తీసుకుంది. 2020 ఫిబ్రవరిలో 18ఎ చెల్లుతుందని చెప్పింది. ఇది ఏ మంత్రీ ఇచ్చింది కాదు. రోడ్డు మీద గెలుచుకున్నది.

ఇప్పుడు 2024లో వచ్చిన సురక్షా సంహిత తియ్యండి. 173వ సెక్షన్. అందులో మంచి మాటలున్నాయి. నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు ఇవ్వొచ్చు అన్నారు. సెల్‌ఫోన్ ద్వారా కూడా పంపొచ్చు, మూడు రోజుల్లో పోయి సంతకం పెట్టాలి అన్నారు. దాని కిందే మూడో ఉపసెక్షన్ వుంది. మూడేళ్లు, ఆ పైన, ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరాల్లో డి.ఎస్.పి. అనుమతితో పద్నాలుగు రోజుల్లో ప్రాథమిక విచారణ చెయ్యొచ్చు అని.

ఇప్పుడు మన చట్టం తియ్యండి. కులం పేరుతో నలుగురిలో తిట్టడం, భూమి ఆక్రమించడం, వెట్టి చేయించడం, బావి దగ్గరికి రానీయకపోవడం, వెలి వెయ్యడం. మన పల్లెల్లో రోజూ జరిగే ఈ నేరాలన్నిటికీ శిక్ష ఆరు నెలల నుంచి అయిదేళ్లు. అంటే సరిగ్గా ఆ మూడుకీ ఏడుకీ మధ్య పడతాయి. 2018లో ముందు గుమ్మంలోంచి మనం తరిమిన ప్రాథమిక విచారణ 2024లో దొడ్డి గుమ్మంలోంచి వచ్చి కూర్చుంది.

చట్టం ప్రకారం చూస్తే భయపడక్కర్లేదు. ప్రత్యేక చట్టాన్ని తాము తాకడం లేదని సంహిత అయిదో సెక్షనే చెప్తుంది. వేరే ఏ చట్టంలో ఏమున్నా తనదే పైచేయి అని అత్యాచారాల చట్టం 20వ సెక్షన్ చెప్తుంది. కాబట్టి మన కేసుల్లో ఆ పద్నాలుగు రోజులు చెల్లవు. కానీ దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడు. ఫిర్యాదు రాసిపెట్టమని మా బడి దగ్గరికి వచ్చేవాళ్లతో పాటు నేనూ స్టేషన్‌కి పోతుంటాను. ‘కొత్త చట్టం వచ్చింది మాస్టారూ, ఎంక్వయిరీ చేసి చూస్తాం’ అన్న మాట అక్కడ విన్నాను. 18ఎ అనే ఒక సెక్షన్ వుందని ఆ ఉద్యోగికి తెలియక కాదు. ఎదుటివాడికి తెలియదని నమ్మకం.

పద్నాలుగు రోజుల్లో ఏం జరుగుతుందో పల్లెలో పుట్టినవాళ్లకి చెప్పాలా? మొదటి రెండు రోజులు పెద్దమనుషులు వస్తారు. ‘ఎందుకురా ఊళ్లో గొడవ’ అంటారు. మూడోరోజు నుంచి కూలికి పిలవరు. తీసుకున్న అప్పు గుర్తుచేస్తారు. వారం తిరిగేసరికి అవతలివాళ్లు మనవాడి మీదే కౌంటర్ కేసు పెడతారు, దొంగతనమో, ఆడవాళ్లని అల్లరి చేశాడనో. సాక్షుల్లో ఒకరు మెత్తబడతారు. పద్నాలుగోరోజుకి డి.ఎస్.పి. గారి కాగితం మీద ‘ఇరువర్గాలు రాజీపడ్డారు’ అని వుంటుంది. ఇదీ ప్రాథమిక విచారణ. అది కేసు కట్టే ముందు నేరానికి దొరికే రెండో గడువు.

తప్పుడు కేసులనే పాత పాట

మనం ఈ మాట అనగానే ‘అట్రాసిటీ కేసులు చాలావరకు కొట్టేస్తున్నారు కదా, అంటే తప్పుడు కేసులే కదా’ అంటారు. మా స్టాఫ్ రూముల్లోనూ అంటారు, పంచాయతీ అరుగుల మీదా అంటారు. జవాబు చెప్పి తీరాలి.

2022లో ఎస్సీల మీద నేరాల కేసులు 57,582 అని జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్క. రోజుకి నూట యాభై పైన. కేసు కట్టినవి అవి. కట్టనివి లెక్కలో లేవు. అత్యాచారాల చట్టం కింద శిక్షలు 2020లో నూటికి 39.2 వుంటే 2022కి 32.4కి పడిపోయాయని కేంద్ర ప్రభుత్వ నివేదికే చెప్పింది. అదే నివేదికలో ఇంకో లెక్క వుంది. పద్నాలుగు రాష్ట్రాల్లోని 498 జిల్లాల్లో ప్రత్యేక కోర్టులు పెట్టింది 194 జిల్లాల్లోనే. కోర్టు పెట్టరు. పెట్టినచోట పి.పి. కేసు చదవడు. ఛార్జిషీటు వేసిన రెండు నెలల్లో విచారణ ముగించాలని చట్టం చెప్తుంటే వాయిదాల మీద వాయిదాలు వేస్తారు. ఏళ్లు గడిచాక సాక్షి అదే కామందు పొలంలో కూలి చేసుకుంటూ వుంటాడు. వాడు బోనెక్కి నిజం చెప్పలేదని కేసు తప్పుడుదంటారు.

కారంచేడులో 1985 జూలై 17న ఆరుగురు మాదిగల్ని చంపారు. పట్టపగలు, ఊరంతా చూస్తుండగా. 1998లో హైకోర్టు కేసు కొట్టేసింది. 2008 డిసెంబరులో సుప్రీంకోర్టు దాన్ని తిరగదోడి శిక్షలు వేసింది. ఇరవై మూడేళ్లు పట్టింది. సుప్రీంకోర్టు చూడకపోయుంటే కారంచేడు కూడా ‘తప్పుడు కేసు’ల ఖాతాలోకే పోయేది.

చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిదిమంది మాలల్ని చంపి కాలవలో పడేశారు. కోర్టు మా ఊళ్లోనే పెట్టాలని మనవాళ్లు పట్టుబట్టారు. కోర్టు ఆ ఊరికే వచ్చింది. 2007 జూలై 31న అదే ఊళ్లో తీర్పు వచ్చింది. 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది శిక్ష. మనదేశంలో హత్య జరిగిన పల్లెలోనే కోర్టు కూర్చోవడం చిన్న విషయం కాదు. సాక్షులు పొలం నుంచి నడిచొచ్చి సాక్ష్యం చెప్పారు. అది ఏ న్యాయమంత్రి విధానం? ఎవరిదీ కాదు. శవాల్ని పెట్టుకుని కూర్చున్న చుండూరు పేట ప్రజల విధానం. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందరినీ వదిలేసింది. అదే ఏడాది సుప్రీంకోర్టు ఆ తీర్పు మీద స్టే ఇచ్చింది. చంపింది ఎవరూ కాకపోతే ఎనిమిదిమంది ఎలా చచ్చారని ఇంకా అడుగుతూనే వున్నాం.

మనవాడిని మనమే అంటామా?

‘పైన ఒక్కడున్నాడు, వాడినీ మీరే విమర్శిస్తే ఎట్లా?’ అని మనవాళ్లలోనే కొందరు అంటారు. ఈ మాటలో ప్రేమ వుంది. కానీ పొరపాటూ వుంది. మంత్రిని మనం కులం చూసి పొగిడితే, వాళ్లు కులం చూసే ఆయన్ని అక్కడ పెట్టారన్న సంగతి మరిచిపోతాం. మన ముఖం వాళ్లకి కావాలి. మన ఫిర్యాదు వాళ్లకి వద్దు. ముఖాన్ని ముందు పెట్టుకుంటే ఫిర్యాదు దానంతట అదే వెనక్కి పోతుందని వాళ్ల లెక్క.

పదవి మనిషిని కాపాడుతుందా అంటే అదీ లేదు. 2025 అక్టోబరు 6న దేశ ప్రధాన న్యాయమూర్తి గవాయ్ మీద సుప్రీంకోర్టు హాల్లోనే ఒక లాయరు చెప్పు విసరబోయాడు. ఆ కుర్చీలోకి వచ్చిన రెండో దళితుడు ఆయన. అంత ఎత్తున కూర్చున్నవాడికే అట్లా అయితే, పేట చివర గుడిసెలో వున్నవాడి గతేమిటి? కాబట్టి కుర్చీ ఎక్కిన మనవాడికి దండ వేద్దాం. కానీ దండతో పాటు చేతిలో ఒక అర్జీ కూడా పెడదాం. అర్జీ లేని దండ వాళ్లకే పనికొస్తుంది.

చెయ్యాల్సిన పనులు

ఢిల్లీ మంత్రి మనకి అందడు. అందేవాళ్లున్నారు. చట్టం వాళ్ల మీద బాధ్యత పెట్టింది. సంఘాల కార్యకర్తలు ఈ కింది మాటలు పేటలో చదివి వినిపించాలి.

ఒకటి. ఫిర్యాదు నోటితో చెప్తే స్టేషన్‌లో రాసుకుని చదివి వినిపించాలి, తర్వాతే సంతకం తీసుకోవాలి. ఎఫ్.ఐ.ఆర్. కాపీ వెంటనే, డబ్బు లేకుండా ఇవ్వాలి. ‘ఎంక్వయిరీ’ అంటే 18ఎ అనండి. కాగితం మీద రాసిమ్మనండి. కట్టకపోతే ఫిర్యాదుని పోస్టులో ఎస్.పి.కి పంపండి. రసీదు దాచుకోండి. 14566 నెంబరుకి ఫోన్ చేసి అక్కడా నమోదు చేయించండి.

రెండు. దర్యాప్తు చెయ్యాల్సింది డి.ఎస్.పి. స్థాయి అధికారి. ఎస్.ఐ. వచ్చి రాసుకుపోతే అభ్యంతరం చెప్పండి. అరవై రోజుల్లో ముగించాలి. కావాలని విధి తప్పిన అధికారికి నాలుగో సెక్షన్ కింద ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు వుంది. అయితే దానికి శాఖాపరమైన విచారణ సిఫారసు కావాలని మెలిక పెట్టారు. ఆ విచారణ వెయ్యమని కలెక్టరుకి అర్జీ పెట్టడం మన పని.

మూడు. నిందితుడు బెయిలు అడిగితే మనకి నోటీసు రావాలి. మన మాట వినాలి. ఇది 15ఎ సెక్షన్. పి.పి. మీద నమ్మకం లేకపోతే మనకి నచ్చిన సీనియర్ లాయరుని పెట్టమని కలెక్టరుని అడిగే హక్కు వుంది. ఈ సంగతి తెలియక ఎన్నో కేసులు పోయాయి.

నాలుగు. ఇది అన్నిటికన్నా ముఖ్యం. ఈ చట్టం అమలు చూసే రాష్ట్ర కమిటీకి అధ్యక్షుడు ముఖ్యమంత్రి. జనవరిలో ఒకసారి, జూలైలో ఒకసారి కూర్చోవాలని 1995 నిబంధనలు చెప్తున్నాయి. జిల్లా కమిటీకి కలెక్టరు అధ్యక్షుడు. మూడు నెలలకొకసారి కూర్చోవాలి. కిందటి మూడేళ్లలో ఏ తేదీల్లో కూర్చున్నారు, ఎవరెవరు వచ్చారు, ఏం తీర్మానించారు అని సమాచార హక్కు కింద ప్రతి మండలం నుంచీ ఒక దరఖాస్తు పోవాలి. తెల్లకార్డు వున్నవాళ్ల పేరు మీద పెడితే ఫీజు కూడా లేదు. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. ఆ జవాబు పట్టుకుని మన ఎమ్మెల్యే ఇంటికి పోదాం, రిజర్వుడు సీటు ఎమ్మెల్యే ఇంటికైతే ముందు పోదాం.

మంత్రి సైకిల్ మీద వచ్చాడా, కారులో వచ్చాడా అన్నది పేపర్లవాళ్ల సంగతి. మన పేట నుంచి స్టేషన్‌కి నడిచిపోయిన మనిషి ఎఫ్.ఐ.ఆర్. కాపీ చేతిలో పట్టుకుని తిరిగొచ్చాడా లేదా అన్నది మన సంగతి. బాబాసాహెబ్ 1951లో కుర్చీ వదిలి ఆ మాట బయటికి చెప్పారు. మనకి వదలడానికి కుర్చీ లేదు. ఆ మాట వదలకుండా వుంటే చాలు.

జై భీమ్!